చెప్పిన నోరు, రాసిన చెయ్యి

2023లో ఆదివాసీ స్త్రీల మీద జరిగిన అత్యాచారాలకు సంబంధించి రెండు తీర్పులు వచ్చాయి. ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు వాకపల్లి కేసులో పోలీసులను నిర్దోషులని విడిచిపెట్టింది. సెప్టెంబర్ 29న మద్రాసు హైకోర్టు తమిళనాడులోని వాచాత్తి కేసులో అటవీ, పోలీసు, రెవెన్యూ ఉద్యోగులకు పడిన శిక్షలను ఖాయం చేసింది. రెండూ కొండల దగ్గరి ఆదివాసీ ఊళ్లే. రెండు చోట్లా స్త్రీలు వేలెత్తి చూపింది యూనిఫాం వేసుకున్న సర్కారు మనుషులనే. రెండు చోట్లా సర్కారు మొదట అన్న మాట కూడా ఒకటే: అలాంటిదేమీ జరగలేదని. చివరికి ఒక చోట శిక్ష పడింది, ఇంకో చోట పడలేదు.

ఎందుకు ఇలా జరిగింది? మా ఉపాధ్యాయుల మధ్య ఈ ప్రశ్న చాలాసార్లు వచ్చింది. మన కుర్రాళ్లను అడిగితే, "కోర్టులు మనవి కావు సార్, మన ఆడవాళ్ల మాట ఎవడు నమ్ముతాడు?" అంటారు. ఆ కోపం మాకూ ఉంది. అయితే కోపం దగ్గరే ఆగిపోతే తప్పు ఏ మెట్టు మీద జరిగిందో కనపడదు. తీర్పును కూడా పాఠం చదివినట్టు చదవాలి. ఎవరు చెప్పారు, ఎవరు రాశారు, దేన్ని లెక్కలోకి తీసుకున్నారు, దేన్ని వదిలేశారు అని చూడాలి. ఈ రెండు కేసులనూ, వీటికి ముందటి ఒక పాత కేసునూ పక్కపక్కన పెట్టి చూశాం. మాకు అర్థమైంది ఇది: స్త్రీ స్టేషన్‌కు వెళ్లి చెప్పిన మాటకూ, కోర్టు తూకం వేసే మాటకూ మధ్య చాలా చేతులు ఉన్నాయి. ఆ చేతులు చేయని పనికి శిక్ష ఆమె అనుభవిస్తోంది.

వాకపల్లి

వాకపల్లి ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా జి.మాడుగుల మండలం నుర్మతి పంచాయతీలోని చిన్న ఊరు. అప్పట్లో విశాఖపట్నం జిల్లా. ఊళ్లో ఉండేది కోదు తెగవాళ్లు. 2007 ఆగస్టు 20న గాలింపుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని ఆ ఊరి స్త్రీలు పదకొండు మంది ఫిర్యాదు చేశారు. వాళ్లు దాచుకోలేదు. కొండ దిగి పాడేరు వచ్చి అధికారులకు చెప్పారు, విలేకరులకు చెప్పారు, కోర్టుకు చెప్పారు. చదువు లేని కోదు స్త్రీలు పదకొండు మంది ఒక్కటిగా నిలబడి అలా చెప్పడం మన ఏజెన్సీలో చిన్న సంగతి కాదు.

ఇది మావోయిస్టులు చెప్పించిన అబద్ధమని పోలీసు యంత్రాంగం అంది. నిందితులు పోలీసులు, దర్యాప్తు చేసిందీ పోలీసులే. తర్వాత సీఐడీకి అప్పగిస్తే నేరం జరిగినట్టు ఆధారం లేదని తేల్చింది. పాడేరు మేజిస్ట్రేట్ కోర్టు దానితో సరిపెట్టుకోకుండా పోలీసుల మీద కేసు నడపడానికి పూనుకుంది. పోలీసులు హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2017లో సుప్రీంకోర్టు ఆరు నెలల్లో విచారణ ముగించాలని చెప్పింది. తీర్పు వచ్చింది 2023లో. జరిగిన రోజు నుంచి లెక్కవేస్తే పదిహేనేళ్ల ఏడు నెలలు దాటింది. తీర్పు వినడానికి ఆ పదకొండు మందిలో అందరూ బతికి లేరు.

ఆ తీర్పులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. స్త్రీలు అబద్ధం చెప్పారు కాబట్టి వదిలేస్తున్నామని కోర్టు అనలేదు. దర్యాప్తు చేసిన అధికారులు తమ పని సరిగా చేయలేదని తప్పుపట్టింది. బాధితులకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా నష్టపరిహారం ఇవ్వాలని చెప్పింది. నిందితులను బాధితుల చేత గుర్తింపజేసే పరేడ్ లాంటి మొదటి మెట్టు పనే జరగనప్పుడు, ఏ మనిషి ఏం చేశాడన్నది పదేళ్ల తర్వాత కోర్టులో ఎలా నిలబడుతుంది?

మా వృత్తి నుంచే ఒక పోలిక చెబుతాం. పరీక్ష హాలులో ఇన్విజిలేటర్ ఒక పిల్లకు జవాబు పత్రం ఇవ్వలేదనుకోండి. ఆ పిల్ల లేచి నిలబడి జవాబు నోటితో చెప్పింది. ఎవరూ రాసుకోలేదు. దిద్దేవాళ్లు కాగితం లేదు కాబట్టి సున్నా వేశారు. తప్పు ఇన్విజిలేటర్‌దే అని కూడా కింద రాశారు, పిల్లకు కొంత డబ్బు ఇమ్మన్నారు. అయినా మార్కుల జాబితాలో సున్నా ఎవరి పేరు ఎదురుగా ఉంటుంది? ఊళ్లో జనం చూసేది ఆ సున్నానే. 'కేసు కొట్టేశారట, అంతా అబద్ధమేనట' అనుకుంటారు. వాకపల్లి స్త్రీలకు జరిగింది ఇదే.

వాచాత్తి

వాచాత్తి ధర్మపురి జిల్లా హరూర్ దగ్గర ఉంది. అక్కడివాళ్లు మలయాళి అనే తెగ. పేరు చూసి కేరళవాళ్లనుకోకండి, తమిళనాడు కొండల్లోని ఆదివాసులు. 1992 జూన్ 20న గంధపు చెక్కల దొంగ రవాణా పట్టుకుంటామని అటవీ, పోలీసు, రెవెన్యూ ఉద్యోగులు 269 మంది ఊరి మీద పడ్డారు. ఇళ్లు ధ్వంసం చేశారు, పశువులను, తిండిగింజలను పాడుచేశారు, మనుషులను కొట్టారు. పద్దెనిమిది మంది స్త్రీల మీద అత్యాచారం చేశారు. పైగా ఆ స్త్రీల మీదే దొంగ రవాణా కేసులు పెట్టి జైలుకు పంపారు. అంటే ఫిర్యాదు చేయాల్సినవాళ్లే ముద్దాయిలయ్యారు. అక్కడా ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. గిరిజన సంఘం, వామపక్ష కార్యకర్తలు కోర్టుకెక్కారు. 1995లో హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

తేడా అక్కడ మొదలైంది. నిందితుల శాఖ చేతుల్లోంచి దర్యాప్తు బయటికి వచ్చింది. గుర్తింపు పరేడ్ జరిగింది. దూషణలు వింటూనే ఆ స్త్రీలు మనుషులను చూపించారు. 2011 సెప్టెంబర్ 29న ధర్మపురి కోర్టు తీర్పు చెప్పేనాటికి 269 మందిలో 54 మంది చనిపోయారు. మిగిలిన 215 మందికీ శిక్ష పడింది. అందులో 17 మందిది అత్యాచార నేరం. వాళ్లు అప్పీలుకు వెళితే 2023లో హైకోర్టు అప్పీళ్లన్నీ కొట్టేసింది. తీర్పుకు ముందు న్యాయమూర్తి ఆ ఊరికి స్వయంగా వెళ్లి చూశారు. పద్దెనిమిది మందికీ పదేసి లక్షల పరిహారం ఇమ్మన్నారు. అందులో సగం దోషుల దగ్గర రాబట్టమన్నారు. ఆనాటి కలెక్టరు, ఎస్పీ, జిల్లా అటవీ అధికారి మీద చర్య తీసుకోమన్నారు.

వాచాత్తి తీర్పును గొప్ప న్యాయంగా చెప్పుకోవడానికి మాకు నోరు రావడం లేదు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు పట్టింది. ఆనాటి పడుచు పిల్లలు అమ్మమ్మలయ్యారు. అయినా ఆ కేసు మనకు ఒక సంగతి రుజువు చేసింది. వాచాత్తి స్త్రీలకు వాకపల్లి స్త్రీల కన్నా ఎక్కువ చదువు లేదు, ఎక్కువ డబ్బు లేదు, ఎక్కువ పలుకుబడి లేదు. మాట చెప్పడంలో ఇద్దరికీ తేడా లేదు. ఆ మాటను పట్టుకుని ఆధారాలు వెతికిన చెయ్యి ఒక చోట ఉంది, ఇంకో చోట లేదు. ఆదివాసీ స్త్రీ మాట కోర్టులో నిలవదు అని నిట్టూర్చేవాళ్లకు వాచాత్తే జవాబు. నిలబెట్టాలనుకుంటే నిలుస్తుంది.

పాత పాఠం

ఈ రెండింటికన్నా ముందు జరిగిన మథుర కేసు మన పిల్లలు తప్పక తెలుసుకోవాలి. 1972 మార్చి 26 రాత్రి, మహారాష్ట్రలో ఇప్పటి గడ్చిరోలి జిల్లా దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్. కూలి చేసుకు బతికే తల్లిదండ్రులు లేని ఆదివాసీ పిల్ల. వయసు పద్నాలుగు నుంచి పదహారు మధ్య ఉంటుందని డాక్టరు అంచనా. అన్న పెట్టిన ఫిర్యాదు విషయంలో వాంగ్మూలం ఇవ్వడానికి వచ్చింది. అందరినీ పొమ్మని ఆమెను మాత్రం ఉండమన్నారు. లోపల ఒక కానిస్టేబుల్ అత్యాచారం చేశాడని, హెడ్ కానిస్టేబుల్ కూడా ఒంటి మీద చేయి వేశాడని ఆమె చెప్పింది. బయట జనం పోగై గొడవ చేస్తే తప్ప ఫిర్యాదు రాసుకోలేదు.

1974లో సెషన్స్ కోర్టు ఆమెను అబద్ధాలకోరు అంది. ఆమెకు అంతకుముందే మగవాడితో సంబంధం ఉందని, కాబట్టి ఇష్టపడే ఉంటుందని తేల్చింది. 1976లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి దాన్ని తిరగేసింది. భయపడి లొంగిపోవడం వేరు, ఇష్టపడటం వేరు అని చెప్పి ఇద్దరికీ శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు మళ్లీ విడిచిపెట్టింది. ఒంటి మీద గాయాలు లేవు, కాబట్టి పెనుగులాట జరగలేదు, కాబట్టి ఒప్పుకునే జరిగింది అన్నది ఆ తీర్పు నడిచిన దారి.

ఆ దారిని ఒక్కసారి మన కళ్లతో చూడండి. రాత్రి పదిన్నర దాటింది. స్టేషన్ తలుపులు వేసి ఉన్నాయి. ఎదురుగా లాఠీ పట్టుకున్న మనిషి. ఆదివాసీ కూలి పిల్ల ఆ మనిషితో పెనుగులాడి గాయాలు చూపించాలట! ఖాకీ బట్ట కనబడితే సంతలో పెద్దవాళ్లే పక్కకు తప్పుకునే రోజులవి. ఆ భయం తెలియనివాళ్లు ఆ భయాన్ని ఒప్పుకోలు అని రాశారు.

1979లో ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతా స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. 1983లో చట్టం మారింది. పోలీసు కస్టడీలో జరిగిన అత్యాచారంలో తాను ఒప్పుకోలేదని స్త్రీ చెబితే కోర్టు ఆ మాటనే ముందుగా నిజమనుకోవాలని వచ్చింది. బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమైంది. 2002 సవరణతో ఆమె పాత నడవడిని తవ్వి సాక్ష్యాన్ని తక్కువ చేసే సెక్షన్ పోయింది. 2013లో, ఎదురు తిరగలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనకూడదని చట్టంలోనే రాశారు. మథుర విషయంలో కోర్టు తప్పిన ఒక్క ముక్క చట్టంలోకి స్పష్టంగా రావడానికి నలభై ఒక్క సంవత్సరాలు పట్టింది. ఒంట్లో వేళ్లు పెట్టి చూసే రెండు వేళ్ల పరీక్ష తప్పని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. అయినా ఆగలేదు కాబట్టే 2022లో, ఆ పరీక్ష చేసేవాళ్లది దుష్ప్రవర్తన అని మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

చట్టం మారింది, మంచిదే. కానీ మారిన చట్టం పుస్తకంలో ఉంది. మన స్త్రీ మొదట కలిసేది పుస్తకాన్ని కాదు, స్టేషన్ రైటరును.

రైటరు బల్ల ముందు

కొన్నేళ్ల కిందట మా దగ్గరి ఊరి తల్లి ఒకామెకు తోడుగా మేము ఒక స్టేషన్‌కు వెళ్లాం. ఆమె తన భాషలో చెబుతోంది. మాలో ఒక టీచరమ్మ తెలుగు చేస్తోంది. రైటరు రాస్తున్నాడు. ఎక్కడ పట్టుకున్నాడో, ఎలా పడేశాడో, తర్వాత ఏం చేశాడో ఆమె ఒక్కొక్కటే చెప్పింది. చెప్పడానికి గంట పట్టింది. మధ్యలో రెండుసార్లు లేచి బయటికి వెళ్లి వచ్చింది. చివరికి కాగితం మీద చూస్తే ఆ గంటంతా ఒక ముక్కలో ఉంది: 'నాతో అసభ్యంగా ప్రవర్తించినాడు'. ఇదేమిటని అడిగితే, "అదే అర్థం మేష్టారూ" అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. కూర్చోమని కుర్చీ వేశాడు, మంచినీళ్లు ఇప్పించాడు. అలా రాయడం అలవాటు, అంతే.

కానీ అర్థం అదే కాదు. 'అసభ్యంగా ప్రవర్తించాడు' అంటే ఒక సెక్షన్. ఆమె చెప్పినదాన్ని చెప్పినట్టు రాస్తే ఇంకో సెక్షన్. ఒకదానికి స్టేషన్ బెయిలు దొరకొచ్చు, ఇంకోదానికి పదేళ్ల జైలు పడొచ్చు. పైగా రేపు కోర్టులో ఆమె జరిగిందంతా చెబితే అవతలి వకీలు లేస్తాడు. 'ఇదంతా మొదటి కాగితంలో లేదే? ఇప్పుడు ఎవరు నేర్పారు?' అంటాడు. రైటరు మింగేసిన మాటలు ఆమె కల్పించిన మాటలవుతాయి.

ఆ కాగితం చివర ఒక వాక్యం ఉంటుంది. చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని వేలిముద్ర వేసినట్టు. ఈ వాక్యం మన వాళ్లు ఇచ్చిన ఎన్ని కాగితాల మీద ఉందో! ఏ భాషలో చదివి వినిపించారు? కోదు స్త్రీ మాతృభాష కువి. సవర, గదబ, కోయ, గోండి మాట్లాడే తల్లులున్నారు. స్టేషన్ కాగితం తెలుగులో ఉంటుంది, అది కూడా మేమే రెండుసార్లు చదివితే తప్ప అర్థం కాని తెలుగు. కోర్టు తీర్పు ఇంగ్లీషులో ఉంటుంది. ఒక మాట ఇన్ని భాషలు దాటి వెళ్లేసరికి ఎంత మిగులుతుంది? ఆ మిగిలినదానికే వేలిముద్ర.

వేళల సంగతి కూడా అంతే. మన తల్లులు పొద్దు పొడవక ముందు అంటారు, పశువులు తోలే వేళ అంటారు, అంబలి తాగే వేళ అంటారు. రైటరుకు గంటలు, నిమిషాలు కావాలి. 'అంటే ఆరున్నరా?' అంటాడు. ఆమె తలూపుతుంది. ఎనిమిదేళ్ల తర్వాత కోర్టులో ఇంకెవరో 'ఏడున్నరా?' అంటే అప్పుడూ తలూపుతుంది. అది వైరుధ్యం అవుతుంది. ఆమె మాట మారలేదు. అంబలి వేళ అంబలి వేళగానే ఉంది. గడియారం వాళ్లది.

ఒక అభ్యంతరం

ఇలా అన్నప్పుడు కొందరు చదువుకున్నవాళ్లు అడుగుతారు: 'స్త్రీ చెప్పింది కాబట్టి రుజువు లేకుండా శిక్ష వేసేయాలా? తప్పుడు కేసులుండవా?' ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. రుజువు లేకుండా జైలుకు పంపడం అంటే ఏమిటో ఆదివాసులకన్నా ఎక్కువ తెలిసినవాళ్లు ఎవరు? అడవి కేసులని, నక్సలైటు కేసులని మన కుర్రాళ్లు ఏళ్ల తరబడి విచారణ ఖైదీలుగా మగ్గారు. వాచాత్తి స్త్రీలనే దొంగ కేసుల్లో జైల్లో పెట్టారు. రుజువు ఉండాలి అన్న సూత్రం మనకు శత్రువు కాదు, మన రక్షణ.

కాబట్టి మేము అడిగేది రుజువు లేకుండా శిక్ష వేయమని కాదు. రుజువు వెతకమని అడుగుతున్నాం. వెతకాల్సిన బాధ్యత ఆమెది కాదు, దర్యాప్తు అధికారిది. సమాచారం అందిన 24 గంటల్లో డాక్టరు పరీక్ష చేయించాలని చట్టంలో ఉంది. బట్టలు భద్రం చేయడం, జరిగిన చోటు చూడటం, గుర్తింపు పరేడ్ జరపడం, మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇప్పించడం, ఏదీ ఆమె చేతిలో లేదు. కావాలని నిర్లక్ష్యం చేసిన ఉద్యోగి మీద చర్యకు అట్రాసిటీ చట్టం 4వ సెక్షన్ ఉంది. అదే చట్టం ప్రకారం డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి, రెండు నెలల్లో చార్జిషీటు వేయాలి. ఆ రెండు నెలల పక్కన వాకపల్లి పదిహేనేళ్లను పెట్టి చూడండి. పోలీసులే నిందితులైనప్పుడు పోలీసుల చేతికే దర్యాప్తు ఇవ్వకూడదన్నది వాచాత్తి చెప్పిన పాఠం. ఇది ప్రతి కేసులోనూ హైకోర్టు దాకా వెళ్లి కొట్లాడి తెచ్చుకునే వరంగా ఉండకూడదు, నియమంగా ఉండాలి.

మన ఇంటి సంగతి

పోలీసులను, కోర్టులను ఇంత విమర్శించి మన ఇంటిని వదిలేస్తే అది నిజాయితీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, శారీరకంగానో లైంగికంగానో హింస పడిన స్త్రీలలో 77 శాతం మంది సాయం అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. సాయం అడిగింది 14 శాతమే. అంటే చాలామంది మాట స్టేషన్ గుమ్మం దాకా రావడం లేదు. గడప దగ్గరే ఆగిపోతోంది. ఆపేది ఎవరు? మనమే.

మన ఊరి పెద్దమనుషుల పంచాయితీ మీద మాకు గౌరవం ఉంది. పొలం గట్టు తగాదాలు, పెళ్లి తగాదాలు పైసా ఖర్చు లేకుండా తీరుస్తుంది. కానీ ఆడపిల్ల మీద చెయ్యి వేసిన కేసులో తప్పు కట్టించి, మేకను కోసి భోజనాలు పెట్టి సరి చేయడం తీర్పు అవుతుందా? ఆ తప్పు డబ్బు ఎవరి చేతికి వెళుతుంది? ఆ పిల్లను ఎవరైనా అడిగారా? చేసినవాడూ మన తెగవాడే అయినప్పుడు అట్రాసిటీ చట్టం వర్తించదు. అప్పుడు ఆమెకు మన ఊరి నుంచి రావాల్సిన అండ ఇంకా ఎక్కువ కావాలి. మనం దాన్నీ లాగేసుకుంటున్నాం.

ఇప్పుడు మా సంగతి చెబుతాం. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ చెప్పకపోతే పైన రాసినదంతా రాయడానికి మాకు హక్కు లేదు. మేము పనిచేసిన ఒక బడిలో ఎనిమిదో తరగతి పిల్ల, నీళ్లకు వెళ్లే దారిలో ఒక మనిషి తనను పట్టుకుంటున్నాడని వచ్చి చెప్పింది. మేము అడిగిన మొదటి ప్రశ్న, 'ఒక్కదానివే ఎందుకు వెళ్లావు?' రెండోది, 'ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?' మూడోది, 'ఇంకెవరికైనా చెప్పావా?' మూడో ప్రశ్న ఆ పిల్ల కోసం అడిగింది కాదు, బడి పేరు కోసం అడిగింది. పెద్దమనుషులు కూర్చున్నారు, తప్పు కట్టించారు. సంక్రాంతి సెలవులకు వెళ్లిన పిల్ల తిరిగి రాలేదు. రిజిస్టరులో మానేసిన కారణం రాయాలి. 'ఇంటి పనులు' అని రాశాం.

అప్పటికే పోక్సో చట్టం ఉంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలపాలని, తెలపకపోతే శిక్ష ఉందని అందులో స్పష్టంగా ఉంది. మాకు తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచనా రాలేదు. స్టేషన్ రైటరు 'అసభ్యంగా' అని రాసినప్పుడు మాకు కోపం వచ్చింది. 'ఇంటి పనులు' అని రాసిన చెయ్యి మాత్రం మాదే.

ఏం చేయగలం

మొదటిది, ఎవరైనా వచ్చి చెబితే ముందు వినాలి. ఎందుకు వెళ్లావు, ఏం బట్టలు కట్టావు అనే ప్రశ్నలు మన నోట రాకూడదు. ఆమె చెప్పిన మాటను ఆమె భాషలోనే, తెలుగు లిపిలోనైనా సరే, తేదీ వేసి రాసిపెట్టాలి. ఒళ్లు కడుక్కోకుండా, కట్టిన బట్టలు ఉతకకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ ఆస్పత్రైనా ప్రైవేటుదైనా చికిత్స ఉచితంగా చేయాల్సిందే.

రెండోది, స్టేషన్‌కు ఒంటరిగా పంపకూడదు. మా పరిధి కాదు అని తిప్పి పంపడానికి ఇప్పుడు వీల్లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఇలాంటి నేరాల్లో ఫిర్యాదు రాసుకోకపోతే ఆ ఉద్యోగిదే నేరం. అత్యాచార కేసులో ఆమె వాంగ్మూలాన్ని ఆమె ఇంటి దగ్గరో, ఆమె కోరిన చోటో మహిళా అధికారి నమోదు చేయాలి. ఇంటివాళ్లు గానీ సామాజిక కార్యకర్త గానీ పక్కన ఉండవచ్చు.

మూడోది మాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది. ఆ వాంగ్మూలాన్ని సెల్‌ఫోన్‌లోనైనా ఆడియో, వీడియోగా తీసుకోవచ్చని కొత్త చట్టంలో ఉంది. అట్రాసిటీ కేసుల్లో విచారణ వీడియో తీయాలని 15ఏ సెక్షన్ చెబుతోంది. ఇది మనం పట్టుబట్టి అడగాలి. ఆమె గొంతు ఆమె భాషలో దాఖలై ఉంటే, పదేళ్ల తర్వాత ఎవరూ 'అసభ్యంగా' అనే ఒక్క ముక్క చూపించి మిగతాదంతా కల్పన అనలేరు.

నాలుగోది ఈ పుస్తకం రాసేవాళ్లకూ చదివేవాళ్లకూ సంబంధించింది. మన భాషల్లో పాటలు సేకరించాం, కథలు సేకరించాం, మొక్కల పేర్లు సేకరించాం. ఈ హింస గురించి మన తల్లులు ఏ మాటలతో చెబుతారో, ఒంటి భాగాలను ఏమంటారో, వేళలను ఎలా లెక్కిస్తారో మాత్రం ఎవరం రాసిపెట్టలేదు. కువిలో, కోయలో, సవరలో, గదబలో ఆ మాటలు, వాటికి సరైన తెలుగు, ఒక చిన్న పుస్తకంగా తెస్తే ప్రతి స్టేషన్‌లోనూ, ప్రతి కోర్టులోనూ పెట్టమని అడగవచ్చు. లా చదివే మన పిల్లలు, నర్సులు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు, టీచరమ్మలు కూర్చుంటే అయ్యే పని. మగ ఉపాధ్యాయులం మేము కాగితం, కలం, ఖర్చు చూసుకుంటాం. ఆ మాటలు అడిగి తెలుసుకోవాల్సింది ఆడవాళ్లే.

వాకపల్లి స్త్రీలు పదిహేనేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. ఒక్కొక్కరు చనిపోతున్నా మిగిలినవాళ్లు వచ్చి చెప్పారు. చెప్పడంలో వాళ్ల వైపు నుంచి లోపం లేదు. ఇకముందు మన ఊళ్లలో ఎవరు చెప్పినా, పక్కన కూర్చుని చెప్పింది చెప్పినట్టు రాసే చెయ్యి ఒకటి ఉండాలి. ఆ పిల్ల పేరు ఎదురుగా మేము రాసిన రెండు మాటలు ఇప్పటికీ ఆ రిజిస్టరులో ఉన్నాయి. వాటిని కొట్టేయలేం. ఇంకో పిల్ల పేరు ఎదురుగా అలాంటివి రాయకుండా ఉండగలం.